మినీ లేత్ మొరాయిస్తోందా? కొత్త పార్టులు కొనే ముందు ఇవి చూడండి!

వీడియోలు చూసి ముచ్చటపడ్డారు. డబ్బులు కూడబెట్టి ఇంటికో మినీ లేత్ తెప్పించారు. మొదటి రాడ్డు చక్‌లో బిగించి టూల్ ఆనించారో లేదో... గరగరమని ఒకటే మోత, రాడ్డు మీద అలలు అలలుగా గీతలు. కొలిచి చూస్తే ఒక చివర లావు, ఇంకో చివర సన్నం! 'మెషీనే డబ్బానా? నాకే చేతకావట్లేదా?' అని డౌట్. ఇక్కడే కొందరు లేత్ మీద గుడ్డ కప్పేస్తారు. ఇంకొందరు ఆన్‌లైన్‌లో కనిపించిన అప్‌గ్రేడ్ పార్టులన్నీ కార్ట్‌లో వేసేస్తారు. రెండూ తొందరపాటే. చాలాసార్లు అసలు సమస్య వదులు. దాన్ని సరిచేయడానికి ఓ అలెన్ కీ, ఓ స్పానర్, ఒక ఆదివారం చాలు.

పెట్టెలో వచ్చింది సగం మెషీనే

హాబీ వాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది '7 అంగుళాల' రకం. అంటే బెడ్ పైన సుమారు 180 మి.మీ. వ్యాసం ఉన్న ముక్క తిరుగుతుంది. పొడవు మోడల్‌ని బట్టి 300 లేదా 350 మి.మీ. రంగు, పేరు మారినా వీటిలో చాలావాటి డిజైన్ ఒకటే, చైనాది. ధర తగ్గాలంటే ఎక్కడో కోత పడాలి కదా! అది చివరి ఫిట్టింగ్‌లో పడుతుంది. మిగిలిన ఆ పని కొన్నవాళ్లే చేసుకోవాలి.

మొదట ప్లగ్ తీసేయండి. తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన జిగురు గ్రీజును కిరోసిన్‌తో తుడిచేయండి. స్లైడ్‌ల సందుల్లో ఇరుక్కున్న రజను కూడా తీసేసి, బెడ్‌కి పల్చగా ఆయిల్ రాయండి. ఇంత చేసినా మోత తగ్గకపోతే అప్పుడు అసలు పని మొదలు.

గిబ్ బిగిస్తే సగం గెలిచినట్టే

క్రాస్ స్లైడ్‌ని చేత్తో పట్టుకుని ఊపి చూడండి. టకటకమని కదిలిందా? దాని పక్కన సందులో ఓ సన్నని ఇనుప పట్టీ ఉంటుంది. దాన్నే గిబ్ అంటారు. దాన్ని నొక్కి పట్టడానికి వరసగా చిన్న స్క్రూలు, వాటి మీద లాక్ నట్లు ఉంటాయి. నట్లన్నీ వదులు చేయండి. ఒక్కో స్క్రూని, హ్యాండిల్ కాస్త బరువెక్కేదాకా బిగించి, రవ్వంత వెనక్కి తిప్పండి. స్క్రూ కదలకుండా అలెన్ కీతో పట్టుకునే నట్ బిగించాలి. లేదంటే నట్‌తో పాటు స్క్రూ కూడా తిరిగి మళ్లీ మొదటికొస్తుంది. పైనున్న కాంపౌండ్ స్లైడ్‌కీ ఇదే వైద్యం.

హ్యాండిల్ వెనక్కి తిప్పినప్పుడు కాస్త ఖాళీగా తిరుగుతుంది కదా, అది వేరే సంగతి. దాని పేరు బ్యాక్‌లాష్. అది ఎంతో కొంత ఉండనే ఉంటుంది. ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిప్పి కొలత మీదకి వస్తే దాంతో గొడవ లేదు.

టూల్ ఎత్తుకి స్కేల్ చిట్కా

టూల్ మొన సరిగ్గా రాడ్డు మధ్య ఎత్తులో ఉండాలి. మీదికుంటే కోయకుండా రాసుకుంటుంది. కిందికుంటే ఫేసింగ్ చేసినప్పుడు మధ్యలో బుడిపె మిగులుతుంది. చూడ్డం ఎలా? మెషీన్ ఆపి, పల్చని స్టీల్ స్కేల్‌ని నిలువుగా రాడ్డుకీ టూల్ మొనకీ మధ్య మెల్లగా నొక్కి పట్టండి. స్కేల్ నిటారుగా నిలబడితే ఓకే. పై భాగం మీవైపు వాలితే టూల్ కిందికుంది, అవతలికి వాలితే మీదికుంది. ఎత్తు పెంచడానికి పాత హాక్సా బ్లేడు ముక్క పెట్టొచ్చు. ఇంకా సన్నగా కావాలంటే కూల్‌డ్రింక్ టిన్ రేకు ఉంది, దాని మందం దాదాపు 0.1 మి.మీ. ఇది రోజూ చేయలేక విసుగొస్తే, అప్పుడు క్విక్ చేంజ్ టూల్ పోస్ట్ కొనండి. ఆ డబ్బు వృథా కాదు.

తీర్పు మైక్రోమీటర్‌దే

బల్ల ఎగుడుదిగుడుగా ఉంటే, దాని మీద బిగించిన లేత్ బెడ్ కూడా మెలి తిరుగుతుంది. కళ్లకు కనిపించదు, రాడ్డు మీద తెలుస్తుంది. దీనికో పరీక్ష ఉంది. 25 మి.మీ. రాడ్డుని చక్ బయటికి 100 మి.మీ. వచ్చేలా బిగించండి. టెయిల్‌స్టాక్ ఆనించొద్దు. మధ్యలో కాస్త సన్నం చేసి, రెండు చివర్లా రెండు పట్టీలు మిగల్చండి. టూల్ సెట్టింగ్ మార్చకుండా రెండింటి మీదా పల్చటి కోత ఇచ్చి మైక్రోమీటర్‌తో కొలవండి. రెండూ ఒకటే అయితే పండగే. తేడా ఉంటే బల్లకి బిగించిన బోల్టు దగ్గర పల్చని రేకు పెట్టి మళ్లీ కోయండి, మళ్లీ కొలవండి. రేకులతో ఎంతకీ దారికి రాకపోతే హెడ్‌స్టాక్ వంకరగా కూర్చుందేమో చూడాలి.

1800 ప్రాంతంలో స్క్రూ కట్టింగ్ లేత్‌కి ఓ రూపు తెచ్చిన ఇంగ్లండ్ మెకానిక్ హెన్రీ మాడ్‌స్లే తన మైక్రోమీటర్‌కి 'లార్డ్ ఛాన్సలర్' అని పేరు పెట్టుకున్నాడు. వర్క్‌షాప్‌లో ఏ తగువొచ్చినా దాని మాటే ఆఖరి తీర్పు మరి!

లేత్‌కి కావాల్సింది లేతే చేసుకుంటుంది

అసలు మజా ఇక్కడుంది. తన పార్టులు తనే తయారు చేసుకునే మెషీన్లు ఎన్నుంటాయి చెప్పండి? ముందుగా క్యారేజ్ లాక్ చేయండి. ఫేసింగ్ చేసేటప్పుడు క్యారేజ్ వెనక్కి జరగకుండా బెడ్‌ని పట్టుకునే చిన్న ఇనుప ముక్క, ఓ బోల్టు, అంతే. కోసిన ముఖం చదునుగా వస్తుంది. టెయిల్‌స్టాక్ బిగించడానికి ప్రతిసారీ స్పానర్ వెతుక్కుంటున్నారా? దాని బదులు ఓ లీవర్ పెట్టండి.

ఆ తర్వాత స్పిండిల్ హ్యాండిల్. ఈ లేత్‌లలో స్పిండిల్ మధ్య 20 మి.మీ. రంధ్రం ఉంటుంది. అందులో సరిపోయే రాడ్డుని చివర చీల్చి, లోపల టేపర్ ముక్కతో బిగుసుకునేలా చేసి, బయటికి ఓ చేతి పిడి పెట్టాలి. మోటార్‌తో మర కోస్తుంటే అంచు దగ్గర ఆపేలోపే టూల్ గుద్దుకుంటుంది. చేత్తో తిప్పితే వెంట్రుకవాసిలో ఆపొచ్చు. కానీ హ్యాండిల్ ఉన్నంతసేపు ప్లగ్ బయటే ఉండాలి. పొరపాటున మోటార్ తిరిగిందా, ఆ పిడి మీ చెయ్యి విరగ్గొడుతుంది.

వీటికి కొత్త మెటీరియల్ అక్కర్లేదు. హైదరాబాద్ బాలానగర్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల తుక్కు ముక్కలు అడిగి చూడండి. పనిలో పనిగా అక్కడి టర్నర్ అన్నలని రెండు సందేహాలు అడిగితే ఇంకా లాభం.

బేరింగ్‌ల జోలికి చివర్లోనే

'టేపర్ రోలర్ బేరింగ్‌లు వేస్తే అంతా సెట్' అని చాలామంది చెబుతారు. నిజంగానే అవి గట్టివి. కానీ ఈ మెషీన్లలో మామూలుగా వచ్చే 6206 బేరింగ్ వెడల్పు 16 మి.మీ., దాని బదులు వేసే 30206ది 17.25 మి.మీ. ఆ తేడాకి లోపలి స్పేసర్లు తగ్గించాలి, హెడ్‌స్టాక్ మొత్తం విప్పాలి. గిబ్ బిగించకుండా ఇది చేస్తే మోత ఎక్కడికీ పోదు. ప్లాస్టిక్ గేర్లనీ తిట్టుకోకండి. ఏదైనా ఇరుక్కుంటే ముందు అవే విరిగి, ఖరీదైన భాగాలని కాపాడతాయి. స్పేర్ ఒకటి పక్కన పెట్టుకోండి చాలు.

ఇవి మాత్రం మొదటి రోజే

చక్ కీకి ఓ స్ప్రింగ్ తగిలించండి. చెయ్యి తీయగానే అది బయటికొచ్చేయాలి. కీ అందులోనే ఉండగా స్విచ్ వేస్తే అది బుల్లెట్‌లా ఎగురుతుంది. కరెంట్ పోయి వచ్చినప్పుడు లేత్ దానంతటదే తిరగకూడదు. మామూలు స్విచ్ ఉంటే నో-వోల్ట్ స్విచ్ పెట్టించండి, ఎర్త్ కూడా సరిచూడండి. కళ్లద్దాలు తప్పనిసరి. గ్లవ్స్, చున్నీ, వదులు చొక్కా చేతులు, విరబోసిన జుట్టు వద్దు. చిప్స్‌ని బ్రష్‌తోనే తీయండి.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ముందు కొలత, తర్వాత కొలత ఫోన్‌లో రాసుకోండి. అప్పుడే ఏ మార్పు పనిచేసిందో తెలుస్తుంది. కార్ట్‌లో వేసిన పార్టుల్లో ఎన్ని నిజంగా అవసరమో కూడా ఆ లెక్కే చెబుతుంది.