ఈ యేడు మా యరుగున చదివిన పుస్తకములు



గడచిన యేడాదిలో మీరు చదివిన పుస్తకములలో మీకు మిక్కిలి నచ్చినవేవో, యేల నచ్చినవో నాలుగు మాటలు చెప్పుడని రేడియోవారు నన్ను గోరిరి. నేను పండితుడను గాను. నల్లగొండ ప్రాంతమున నొక పల్లెబడిలో పిల్లలకు అక్షరములు దిద్దించి, యిప్పుడు ఇంటిపట్టున నున్న యుపాధ్యాయుడను. నేను చెప్పబోవు పుస్తకములు నాలుగు. అవి క్రొత్తవి గావు. నాలుగును మన నల్లగొండ, పాలమూరు సీమలలో బుట్టిన వారి చేతులమీదుగా వెలువడినవే.

ఈ పుస్తకములను నేనొక్కడనే చదువుకొనలేదు. ప్రొద్దు గ్రుంకినపిదప మా యింటి యరుగుమీద గూర్చుండి బిగ్గరగా చదువుట నాకలవాటు. చూపు మందగించినవారు, చదువబ్బనివారు నలుగురైదుగురు చేరి విందురు. కావున నివి నాకు నచ్చినవనుటకంటె మా యరుగునకు నచ్చినవనుటయే న్యాయము.

మొదటిది "గోలకొండ కవుల సంచిక". దీనిని కూర్చినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. వీరు 1896లో జన్మించి 1953లో గతించిరి. స్వగ్రామము పూర్వపు పాలమూరు జిల్లాలో, నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో నున్న ఇటిక్యాలపాడు. 1926లో "గోలకొండ పత్రిక"ను స్థాపించినవారు వీరే. తెలంగాణమున తెనుగు కవులు పూజ్యమని ఆ కాలమున నొకరు వ్రాసిరి. పూజ్యమనగా సున్న. ఆ మాటకు రెడ్డిగారిచ్చిన బదులు ఈ గ్రంథమే. ఊరూరనున్న కవుల పద్యములు తెప్పించి, 1934లో 354 మంది కవులను ఒక్కచో అచ్చువేసిరి. పూజ్యమన్న మాటకు గౌరవింపదగినదను అర్థము గూడ గలదు. ఆ రెండవ యర్థమునే రెడ్డిగారు నిజము చేసిరి.

ఈ సంచికను చదువుచుండగా మా యరుగున నొక ముసలాయన, "మన ఊరి పేరున్నదా చూడు పంతులూ" అనెను. పుటలన్నియు ద్రిప్పితిని. లేదంటిని. ఆయన కొంత తడవు ఊరకుండి, "అయితే మనోళ్లు పంపలేదన్నట్టు" అని లేచిపోయెను. మా యూర పద్యము చెప్పినవాడు లేడని ఆయన యనలేదు. పంపినవాడు లేడని యనెను. ఈ మాట నన్ను యేడాది పొడుగున వెంటాడినది.

రెండవది యీ ప్రతాపరెడ్డిగారే వ్రాసిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర". 1949లో వెలువడినది. కేంద్ర సాహిత్య అకాడమి 1955లో తెనుగునకు మొదటిసారిగా నిచ్చిన బహుమానము ఈ గ్రంథమునకే లభించినది. అప్పటికి గ్రంథకర్త జీవించి లేరు. రాజుల యుద్ధములు, పట్టాభిషేకములు చరిత్రయని మనము బడిలో వల్లించితిమి. రెడ్డిగారి చూపు వేరు. ప్రజలేమి తినిరి, యేమి కట్టిరి, యే యాటలాడిరి, యే వృత్తులు చేసిరి, దేనికి భయపడిరి, యివి వారికి గావలెను. వీనిని శాసనములు పూర్తిగా జెప్పవు. కావున వారు కావ్యములు వెదకిరి. పాల్కురికి సోమనాథుని గ్రంథములలో, ఓరుగల్లు వీథులను వర్ణించిన "క్రీడాభిరామము"లో, కొరవి గోపరాజు కథలలో, "హంసవింశతి"లో కవులు మాటవరుసకు జెప్పిపోయిన చిన్నచిన్న సంగతుల నేరి, తూర్పు చాళుక్యుల నాటినుండి ఇరువదవ శతాబ్ది యారంభము వరకు గల జనజీవనమును కూర్చిరి.

ఇది పెద్ద గ్రంథము. మొదట వినువారికి విసుగు పుట్టునేమోయని జంకితిని. జరిగినది వేరు. ఆటల ప్రస్తావన రాగానే ఒకాయన బొగ్గుముక్క దీసి యరుగుమీద పులిజూదము గీసెను. తిండిని గూర్చి చదివిననాడు, జొన్నగటకలోనికి ఏ యే ఆకుకూరలు వండెడివారో ఒక ముసలమ్మ వరుసగా చెప్పుకొనిపోయెను. అందు మూడింటి పేరులు నేనెన్నడును విననివి. అప్పుడు నాకొక సంగతి తెలిసినది. రెడ్డిగారు ఐదువందల యేండ్లనాటి కావ్యములలో దీపము పట్టుకొని వెదకిన వస్తువే, మన ముసలివారి నాలుకమీద నేడును ఉన్నది. కావ్యము పోదు, నాలుక పోవును.

మూడవది "ప్రజల మనిషి" యను నవల. దీనిని వ్రాసిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు నల్లగొండ జిల్లా చెరువు మాదారమున 1915లో పుట్టిరి. పేదరికమువలన ఇండ్లలో వంటచేసియు, హోటలులో పనిచేసియు బ్రతికి, చదువు తామే సంపాదించుకొనిరి. 1938లో "దేశోద్ధారక గ్రంథమాల"ను నెలకొల్పి, పుస్తకములను తామే మోసికొనిపోయి యమ్మిరి. జైలుకు బోయిరి. 1961లో మరణించిరి. నిజాము పాలనలోని యొక పల్లె, ఆ పల్లెను పట్టి పీడించిన దొర, యెదురునిలిచిన కంఠీరవమను యువకుడు, ఇదియే నవల లోని కథ. కంఠీరవమునందు లోపమేమియు గానరాదు. అంత మంచివాడు లోకమున నుండునాయని నాకు దోచినది. కాని పల్లె మాత్రము అచ్చముగా మన పల్లెయే.

ఇందలి వెట్టిని గూర్చి చదివిననాడు నేనొక నిజము దాచలేకపోతిని. మా తాతగారు పట్వారి. కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, చాకలి చాకిరి, బరువులు మోయు బేగారీల వంతులు, యివి యన్నియు గడీకి జేరునట్లు చూచు యంత్రాంగములో ఆయన కలము గూడ నొక భాగము. ఆయన యక్షరములు ముత్యములవలె నుండెడివని మా యింట గొప్పగా జెప్పుకొందుము. ఆ ముత్యములు దేనికి వాడబడెనో ఎన్నడును జెప్పుకొనలేదు. నవలను మూసి యూరకుంటిని. వినుచున్నవారిలో, గడీకి చెప్పులు కుట్టి వెట్టిగా నిచ్చినవాని కుమారుడున్నాడు. ఎనుబది దాటినవాడు. ఆయన నెమ్మదిగా, "మీ తాత రాసిండు, మా అయ్య మోసిండు. రాసినోని పేరుంది పంతులూ, మోసినోని పేరే లేదు" అనెను. అందు కోపము లేదు. అందువలననే నాకు సమాధానము దొరకలేదు.

నాలుగవ పుస్తకము నాకు దారి చూపినది. అది రావి నారాయణరెడ్డిగారి "వీర తెలంగాణ: నా అనుభవాలు, జ్ఞాపకాలు". వీరు 1908లో నల్లగొండ జిల్లా బొల్లేపల్లిలో భూస్వామి కుటుంబమున బుట్టి, ఆ భూస్వామ్యముతోనే పోరాడినవారు. 1941లో చిలుకూరున, 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్రమహాసభలకు అధ్యక్షులు. 1952 ఎన్నికలలో నల్లగొండనుండి దేశమందెల్ల నధికమైన వోట్లతో పార్లమెంటునకు గెలిచిరి. వారి రాజకీయమును ఒప్పుకొనువారు, ఒప్పుకొననివారు మా యరుగుననే యున్నారు. చదువుచున్నప్పుడు వాదములును జరిగినవి. నన్నాకర్షించినది వేరొకటి. కలవారి యింట బుట్టినవాడును కలవారి యన్యాయమును తన నోట జెప్పవచ్చును. చెప్పినందువలన వంశమునకు మచ్చ రాదు, దాచినందువలననే వచ్చును.

మరునాడు అంగడిలో నూరు పుటల నోటుబుక్కు కొంటిని. ఆ యెనుబదేండ్ల పెద్దమనిషిని పిలిచి, అరుగుమీద నా ప్రక్కన గూర్చుండబెట్టుకొని, "నీవు చెప్పు, నేను వ్రాసెదను" అంటిని. మొదటి పుటలో ఆయన తండ్రి పేరు వ్రాసితిని. ఏడాదికెన్ని జతలు కుట్టెనో, తోలు ఎక్కడనుండి తెచ్చెనో, పండుగనాడు గడీనుండి యేమి దొరకెనో, యేమి దొరకలేదో ఆయన చెప్పినది చెప్పినట్లు వ్రాసితిని. ఇప్పటికి నలువది పుటలు నిండినవి. పట్వారి మనుమని వ్రాత యిన్నాళ్లకు సరియైన పనికి వచ్చినదని నేననుకొంటిని. ఆయన మాత్రము, "ఇంకా ఉన్నది, రాయి" అనుచున్నాడు.

పెద్దలారా, ఈ నాలుగు పుస్తకములును గ్రంథాలయమున దొరకినచో తప్పక చదువుడు. చదువలేనివారికి చదివి వినిపింపుడు. కాని అంతతో నాపకుడు. మీ యూరి చేల పేరులు, బావుల పేరులు, సోల తవ్వ మానిక లెక్కలు, కూలికి గొలిచిన గింజలు మీకు దెలియును. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమువంటి కట్టలకు మన్ను మోయ బోయిన పాలమూరు కూలీలలో మీ యూరివారెవరో మీకు దెలియును. ఆ పేరులు ఏ శిలాఫలకముమీదను లేవు. మనుమడు బడినుండి వచ్చినపుడు వానిని గూర్చుండబెట్టుకొని వ్రాయింపుడు. రేపెవడైన మన యూరి పేరున్నదా చూడుమని యడిగినచో, మనవాళ్లు పంపలేదను మాట మరల వినబడకుండు గాక.

సెలవు.