పిడికిలికి బలం... జాడీతోనే!

పచ్చడి సీసా మూత బిగుసుకుపోయిందంటే ‘ఏమండీ, కాస్త ఇది తీసిపెట్టరూ’ అని శ్రీవారిని కేకేస్తున్నారా? తడి దుప్పటి పిండితే మణికట్టు లాగేస్తోందా? సరుకుల సంచీ పట్టుకుని నాలుగడుగులు వేసేసరికి వేళ్లు జారిపోతున్నాయా? అయితే చైనా కుంగ్‌ఫూ గురువుల చిట్కాలు మీకోసమే. జిమ్ముకి వెళ్లక్కర్లేదు, ఖరీదైన సామానూ కొనక్కర్లేదు. జాడీ, ఇసుక, గింజలు, కర్ర... ఇవే వాళ్ల పనిముట్లు!

కుంగ్‌ఫూకి పట్టెందుకు?

కుంగ్‌ఫూ అంటే గుద్దులూ తన్నులే అనుకుంటాం. కానీ ‘చిన్ నా’ అనే విద్యలో ఎదుటివాడి చేతిని ఒడిసిపట్టి, కీలు దగ్గర మెలిపెట్టడమే ముఖ్యం. ‘డేగ పంజా’ పద్ధతిలో అయితే వేళ్లే ఆయుధాలు. పట్టు జారిందా, అంతే సంగతులు!

ఇంకో విశేషం. వేళ్లను గట్టిగా ముడిచే కండరాలు వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అవి తాళ్లలాంటి టెండన్లతో వేళ్లను లాగుతాయి. కాబట్టి వేళ్లతో పట్టు పడితే బలపడేది ముంజెయ్యే.

జాడీ నడక

మూతి దగ్గర అంచున్న ఖాళీ జాడీని పైనుంచి అయిదు వేళ్లతో పట్టుకుని నడవడం పాత సాధన. అలవాటయ్యేకొద్దీ గుప్పెడు గుప్పెడు ఇసుక పోస్తూ బరువు పెంచుతారు. ఒకినావాలో కరాటే నేర్చుకునేవాళ్లూ ఇలాంటి జాడీలే వాడతారు. వాళ్లు వీటిని ‘నిగిరి గామె’ అంటారు.

మనకు పింగాణీ జాడీ వద్దు, కాలిమీద పడితే ప్రమాదం. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బాలు రెండు చాలు. అరచెయ్యి తగలకుండా వేళ్లతోనే పట్టుకుని ఇరవై అడుగులు నడవండి. సులువనిపించాక కప్పు ఇసుక పోయండి.

గింజల సంచీ

పాత జీన్స్ కాలుముక్కతో చిన్న సంచీ కుట్టి పెసలు నింపండి. చైనాలోనూ ఇలాంటి సంచుల్లో పెసలు పోస్తారు! సంచీని కాస్త పైకి వదిలి, కిందపడేలోగా పైనుంచి పంజాలా అందుకోండి. ఒక్కో చేతికి పదిసార్లు చాలు.

కర్ర, తాడు, నీళ్ల సీసా

రెండడుగుల కర్ర మధ్యలో తాడు కట్టి, రెండో కొసకు లీటరు నీళ్ల సీసా వేలాడదీయండి. కర్రను రెండు చేతులతో తిప్పుతూ తాడు చుట్టండి. దించేటప్పుడూ మెల్లగా తిప్పుతూనే దించాలి, చటుక్కున వదిలేయకూడదు.

చివర్లో బియ్యం డబ్బాలో చెయ్యి దూర్చి, వేళ్లు బాగా విప్పండి. ముడవడమే కాదు, విప్పడమూ సాధనే. ఈ బియ్యం మాత్రం వంటకు వాడేవి కాకూడదు సుమా!

ఇదంతా ఎందుకంటారా?

2015లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో ఒక పరిశీలన వచ్చింది. మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు 1,40,000 మందిని పరీక్షించారు. పిడికిలి పట్టు తక్కువున్నవాళ్లలో మరణాలు, గుండెజబ్బు మరణాలు ఎక్కువగా కనిపించాయి. పట్టు పెంచితే ఆయుష్షు పెరుగుతుందని దీని అర్థం కాదు. ఒంట్లో సత్తువ తగ్గుతోందని పిడికిలి ముందే చెబుతుందన్నమాట. ఆసియా వైద్యనిపుణులు 2019లో పెట్టిన లెక్క ప్రకారం, ఆడవాళ్లకు పట్టు 18 కిలోలకన్నా తక్కువుంటే బలహీనత కిందే లెక్క.

జాగ్రత్తలు

* రోజు విడిచి రోజు పది నిమిషాలు చాలు.
* ఊపిరి బిగబట్టకండి, బీపీ పెరుగుతుంది. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరునడిగే మొదలుపెట్టాలి.
* వేళ్లు తిమ్మిరెక్కినా, కీళ్లు వాచినా వెంటనే ఆపి డాక్టరుకు చూపించండి.

ఇంట్లో అమ్మో అత్తగారో ఉంటే వాళ్ల చేతికీ ఓ గింజల సంచీ ఇవ్వండి. విసిరి అందుకోనక్కర్లేదు, ఊరికే నొక్కి వదిలినా చాలు. మెట్ల దగ్గర కాలు తడబడినప్పుడు కమ్మీని గట్టిగా పట్టుకోవడానికి కావలసింది ఆ పట్టే కదా!