కందిపువ్వులోని వంశచరిత్ర

నల్లమలకు తూర్పున గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములలో వానను నమ్ముకొని సేద్యము చేయు రైతునకు కందివంటి ఆప్తమైన పైరు అరుదు. వేరు లోతునకు దిగి, నెలదినములు చినుకు పడకున్నను ప్రాణము నిలుపుకొని, కార్తికమాసము నాటికి చేనంతయు పసుపుపచ్చని పూతతో నిలుచు ఈ మొక్కయందే, జన్యుశాస్త్రమని నేడు పత్రికలలో చదువుచున్న మహాశాస్త్రపు ప్రథమపాఠములన్నియు ఇమిడియున్నవి. కావున ఆ శాస్త్రపు పరిభాషను కందిపువ్వుతోనే ఆరంభించుట న్యాయమని నా అభిప్రాయము.

విచ్చీవిచ్చని కందిమొగ్గను గోటితో చీల్చి చూడుడు. పైనున్న పెద్దరేకు ధ్వజము, ఇరుప్రక్కలవి బాహువులు, అడుగున కలిసియున్న జంట ద్రోణి. ఆ ద్రోణిలోపల పది కేసరములు, తొమ్మిది ఒక్క కట్టగా, ఒకటి విడిగా, కీలమును చుట్టియుండును. మొగ్గ విచ్చకముందే పుప్పొడి రాలి కీలాగ్రమును చేరుటచే సాధారణముగా ఆ పువ్వే తన గింజకు తల్లియు తండ్రియు నగును. కాని తేనెకై వచ్చిన ఈగ పొరుగుచేని పుప్పొడిని తెచ్చి వైచుటయు కలదు. ఎర్రకంది చేలో కొన్నేండ్లకు తెల్లగింజలు కనబడుట, ఎండుతెగులును తట్టుకొనునని పేరుపడిన రకము క్రమముగా ఆ శక్తిని కోల్పోవుట పలుమారు ఈ రహస్యవివాహముల ఫలమే. రైతు మాత్రము నేలను నిందించును.

తల్లిదండ్రులనుండి సంతతికి సంక్రమించు లక్షణములకు ఆధారమైనది జన్యువు. ఈ సంక్రమణమును గూర్చి 1866లో మెండెలు అను శాస్త్రజ్ఞుడు బఠానీమొక్కలపై తన పరిశోధనను ప్రకటించెను. 1909లో యోహాన్సెన్ అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఆ ఆధారమునకు ‘జీన్’ అని పేరిడెను. జన్యువులు డి.ఎన్.ఏ. అను అతిదీర్ఘమైన అణువునందు వరుసగా కూర్పబడియుండును; ఆ అణువు, కండెకు చుట్టిన నూలువలె, మాంసకృత్తులకు చుట్టుకొని క్రోమోజోమగును. మనుష్యునకు ఇవి 46, కందికి 22. సగము తల్లివి, సగము తండ్రివి. డి.ఎన్.ఏ.లో నున్నవి నాలుగే రసాయనాక్షరములు. ఒక జీవియొక్క ఆ అక్షరసంపుటి యంతయు జీనోము. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు రాజీవ్ వర్ష్‌నీ నాయకత్వమున, ఇతర దేశములవారితో కలిసి, ‘ఆశ’ అను కందిరకపు జీనోమును 2011లో ప్రకటించినప్పుడు అందు 48,680 జన్యువులు లెక్కకు వచ్చినవి. మేలైన జన్యువు చెంతనుండు అక్షరక్రమమును ఆనవాలుగా పట్టుకొన్నచో, కాయ కాయువరకు వేచియుండక, లేతాకును పరీక్షించియే పనికివచ్చు మొలకను ఏరుకొనవచ్చును.

ఇక సంకరము. అడవికంది జాతియొకదాని కణద్రవ్యమును సాగుకందిలోనికి తెచ్చుటచే పుప్పొడి పండని మొక్కలు లభించినవి. ఈ పురుషవంధ్యత్వమునకు మూలము కణకేంద్రమునందు గాక, కణద్రవ్యములోని మైటోకాండ్రియా అను కణాంగములయందుండును. మైటోకాండ్రియా తల్లినుండియే సంతతికి వచ్చును గనుక ఆ గుణము తల్లివరుసననే సాగును. అట్టి మొక్కకు, సంతతిలో పుప్పొడిని మరల పండింపజాలిన వేరొక రకపు పుప్పొడిని ఈగలచేతనే చేర్పించి పుట్టించిన ఐ.సి.పి.హెచ్. 2671 అను సంకరము 2010లో మధ్యప్రదేశమున విడుదలయ్యెను. చేనికి చేటుచేయు ఈగయే ఇచ్చట శాస్త్రజ్ఞునకు కూలివాడయ్యెను! అయితే సంకరపు గింజను దాచి మరల విత్తినచో తాతముత్తాతల లక్షణములు విడివడి, చేను ఎగుడుదిగుడగును.

జన్యుపరివర్తన మిట్టిది కాదు. నేలలోని బాసిల్లస్ థురింజియెన్సిస్ అను సూక్ష్మజీవి జన్యువును ప్రత్తిలో చేర్చి, అది పుట్టించు విషముతో కాయతొలుచు పురుగును చంపు బి.టి. ప్రత్తిని 2002లో మన దేశమున అనుమతించిరి. పురుగునకును జన్యువులున్నవి, చావక మిగిలిన కొద్దిపాటి గులాబిరంగు పురుగుల సంతతియే పెరిగి, కాలక్రమమున ఆ విషమును లెక్కచేయకపోయెను. కందిలో అట్టి రకమేదియు రైతుచేతికి రాలేదు. సంకరము కాని సూటిరకమును, సంకరమును, బి.టి.ని ఒక్కగాటన కట్టి మాట్లాడుట విన్నప్పుడెల్ల నాకు బాధ కలుగును; ఏలయన విత్తనపు దుకాణమున నిలుచున్న రైతునకు ఈ భేదము రాబోవు ఏటి విత్తనఖర్చునే నిర్ణయించును. సూటిరకమైనచో గింజను దాచుకొనవచ్చును. అయితే పొరుగు పుప్పొడి చేరగల గట్టుప్రక్క మొక్కలను విడిచి, చేని నడుమనున్న, తెగులు సోకని మొక్కల కాయలనే విత్తనమునకు వేరుగా నూర్చవలెను.