చెఱువుకట్ట క్షేమము - రైతుల కర్తవ్యము

వానలు కురిసి చెఱువు నిండినయెడల రైతు సంతసించును. అయితే కట్టకు గడ్డుకాలము కూడ అదియే. ఎండకాలమున కంటికి కనబడని లోపము చెఱువు నిండిన రాత్రి బయటపడును. కట్ట తెగినచో ఆ యేటి పంటయే గాక, ఇసుకమేటలు వేసి భూములు, కొట్టుకొనిపోయి పశువులు, ఒక్కొక్కప్పుడు మనుష్యుల ప్రాణములు గూడ నష్టమగును. కావున మట్టికట్టలు ఏయే కారణములచేత తెగునో, వానిని ముందుగా కనిపెట్టుట యెట్లో సభ్యులకు తెలుపుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువును విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు కట్టించి, 1369వ సంవత్సరమున శాసనము వేయించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు చొప్పున రెండేండ్లు పనిచేసిరని అందు గలదు. మంచి చెఱువునకు ఉండవలసిన 12 అంగములును, ఉండగూడని 6 దోషములును అందు చెప్పబడినవి. కట్టనుండి నీరు కారుట ఆ దోషములలో నొకటి. నేటి యింజనీర్లును ఆ మాటనే చెప్పుచున్నారు.

ఆ కడపసీమలోనే 2021 నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగిపోయెను. ఎగువనున్న పించా జలాశయమునకు గండిపడి, ఆ నీరు గూడ దీనిమీదికి వచ్చెను. ఈ జలాశయమునకు గల 5 తలుపులలో ఒకటి తెరచుకొనలేదని కేంద్రమంత్రి ఆ సంవత్సరము డిసెంబరులో రాజ్యసభలో చెప్పిరి. నీరు కట్టమీదుగా పొర్లి కట్టను కోసివేసెను. దిగువనున్న పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేట మొదలగు గ్రామములు దెబ్బతినెను. పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి.

మట్టికట్ట తెగుటకు ముఖ్యకారణములు నాలుగు.

1. నీరు పొర్లుట. 1852లో పూర్తియైన పాత ధవళేశ్వరపు ఆనకట్ట రాతికట్టడము. వరద దానిమీదుగా పొర్లుటకే కట్టబడినది. మట్టికట్ట అట్టిది కాదు. జానెడు నీరు పొర్లినను వెలుపలివాలు కోసికొనిపోయి కొన్ని గంటలలో గండిపడును. అధికమైన నీరు పోవుటకు ఏర్పడినదే అలుగు. దీనినే కొన్ని సీమలలో కలుజనియు, మత్తడియనియు, మరవయనియు అందురు. నాలుగు దినముల నీరు ఎక్కువ దొరకునను ఆశతో అలుగుపై మట్టిగాని, ఇసుకబస్తాలుగాని వేయుట కట్టకు గొయ్యి త్రవ్వుటయే. అలుగు క్రింది వాగు పూడినను, ఆక్రమింపబడినను ఫలమొక్కటియే.

2. బుంగపడుట. ఎలుకలు, ఎండ్రకాయలు త్రవ్విన బొరియలు, ఎండిన చెట్ల వేళ్లు కుళ్లిన సందులు, తూము ప్రక్కల వదులైన మన్ను, ఇవియే బుంగకు దారులు. కట్టక్రింద ఊట యుండుట సహజము. ఊటనీరు తేటగానుండి, పరిమాణము హెచ్చనంతవరకు కనిపెట్టుచుండిన చాలును. నీటిలో మన్ను కలిసి రంగు మారెనా, లోపల కట్ట కరగుచున్నదని గ్రహింపవలెను. అప్పుడు గడియయైనను ఆలస్యము కూడదు.

3. కట్ట జారుట. కట్టపై నిడుపుగా నెఱ్ఱెలు విచ్చినను, వాలు ఉబ్బినను, క్రుంగినను కట్ట జారనున్నదని గుర్తు. నిండిన చెఱువును ఒక్కసారిగా ఖాళీచేసినచో, నానిన లోపలివాలు ఆనుకొనుటకు నీరు లేక జారును. కావున నీరు క్రమముగా తీయవలెను.

4. తలుపులు, గొలుసులు చెడుట. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టకు గల 33 తలుపులలో 19వది గొలుసు తెగి కొట్టుకొనిపోయెను. ఆనకట్ట రాతిది, చెక్కు చెదరలేదు. కాని నిండిన జలాశయపు నీరు ఏటిపాలయ్యెను. వారము లోపల ఆ ఖాళీలో ఇనుప పలకలు దింపి నీటిని నిలిపిరి. చిన్న చెఱువు తూమునకును ఈ పాఠము వర్తించును. త్రుప్పుపట్టిన మరను వేసవిలోనే త్రిప్పి చూడవలెను.

ఇక మనము చేయదగిన పనులు. వానలకు ముందు ఒకసారియు, వానలు వెలిసిన పిదప ఒకసారియు సభ్యులు నలుగురు కలిసి కట్ట యీ కొననుండి ఆ కొనవరకు నడచి చూడవలెను. సర్కారుతుమ్మ మొదలగు చెట్లను మొలకగానున్నప్పుడే పెఱికివేయవలెను. పచ్చగడ్డి మాత్రము కట్టకు కవచము. బండ్లు, ట్రాక్టర్లు నడచి క్రుంగినచోట మన్ను పోసి, తడిపి, దిమ్మిస కొట్టవలెను. గొట్టములు వేయుటకు కట్టను త్రవ్వగూడదు. చెఱువు నిండిన రాత్రులలో నీరుగంటి యొక్కనిమీదనే భారముంచక వంతులవారీగా కాపలా యుండవలెను.

కట్టక్రింద బురదనీరు ఉబికినచో దానిని బంకమన్నుతో మూయగూడదు. మూసిన నీరు మఱియొకచోట పొడుచుకొని వచ్చును. మొదట ఇసుక, దానిపై సన్నని కంకర, ఆపైన పెద్దరాళ్లు పరచినచో నీరు పోవును, మన్ను నిలుచును. చుట్టును ఇసుకబస్తాలతో దడి కట్టినచో నీటి వేగము తగ్గును. ఇది తాత్కాలికోపాయమే. వెంటనే అధికారులకు తెలిపి, దిగువనున్న ఇండ్లవారిని ముందుగా మెట్టకు చేర్పవలెను. సామానులకంటె ప్రాణములు ముఖ్యము.

2021లో చేయబడిన ఆనకట్టల రక్షణచట్టము ప్రకారము పెద్ద ఆనకట్టలను వర్షర్తువునకు ముందును, తరువాతను తనిఖీ చేయవలెను. 15 మీటర్లకు మించిన ఎత్తు గలవియు, 10 మీటర్లకు పైబడిన వానిలో కొన్నియు దీనిక్రిందికి వచ్చును. మన గ్రామముల చెఱువులలో అనేకములు ఆ లెక్కలోనికి రావు. వానికి మన కన్నులే తనిఖీ, మన చేతులే మరమ్మతు. ఆయకట్టులో నెకరము గలవాడును, పదియెకరములు గలవాడును తాగునది ఆ నీరే. కావున ప్రతి సంఘమును ఈ వేసవిలోనే తమ కట్టను నడచి చూచి, కనబడిన లోపములను పుస్తకమున వ్రాసి, వానలు రాకమునుపే బాగుచేయించుకొనవలెనని కోరుచున్నాము.