ఒకే పేరు, రెండు సంతకములు

వరి, పత్తి యమ్మిన సొమ్మును ఫోనులోనే చూచుకొను గృహిణులు నల్లగొండ, పాలమూరు సీమలందు నేడనేకులు. బ్యాంకు ఆప్‌నకు క్రొత్త రూపమనుచు వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును తెరచినప్పుడు, పాత ఆప్‌తో పొసగదని ఆండ్రాయిడ్ ఫోను నిరాకరించుట కలదు. ప్రతి ఆప్‌పైనను దానిని చేసినవారి సంతకముండును. లోపలి పేరొకటియై సంతకము వేరైనచో పాతదానిపై క్రొత్తది చేరదు. ఈ నిరాకరణము మన ధనమునకు కావలి. అప్పుడు పాతదానిని తొలగించి క్రొత్తదానికి చోటిచ్చుట దొంగకు తాళపుచెవి యిచ్చుటయే కావచ్చును.

రైతు సాయము, వాహనపు జరిమానా యను పేళ్లతో వచ్చు నకళ్లకు పోల్చుటకు పాత ఆప్ ఉండకపోవచ్చును. అప్పుడీ పరీక్ష పనిచేయదు. కావున ఆప్‌లను ప్లే స్టోరునుండియే గైకొనుడు. సొమ్ము పోయినచో జాగుసేయక 1930 నంబరునకు తెలుపుడు.