ఎంబ్రియాలజీ అంటే ఐవీఎఫ్ ఒక్కటేనా? ఫీజు కట్టే ముందు ఒకసారి ఆగండి

ఈ ఎపిసోడ్‌కి కారణం మా పిన్ని కూతురు. ఎమ్మెస్సీ జువాలజీ ఫస్టియర్. "అన్నయ్యా, మూడు నెలల ఎంబ్రియాలజీ కోర్సుంది, ఫీజు లక్షన్నర. చేస్తే సైంటిస్ట్ అయిపోవచ్చంట. కట్టెయ్యనా?" అని ఫోన్ చేసింది. నేనేమో బీటెక్ వాణ్ణి! రెండు రోజులు కూర్చుని వెతికితే అర్థమైంది ఏంటంటే, ఈ పేరు కింద రెండు వేర్వేరు దారులున్నాయి.

మొదటిది క్లినికల్ ఎంబ్రియాలజీ. ఐవీఎఫ్ ల్యాబ్‌లో అండాన్ని, వీర్యకణాన్ని కలపడం, పిండాన్ని ఇంక్యుబేటర్‌లో పెంచడం, ఫ్రీజ్ చేయడం. మంచి ఉద్యోగమే. కానీ 2021లో ఏఆర్‌టీ చట్టం వచ్చాక, ఈ పోస్టుకి ఏ డిగ్రీ కావాలి, ల్యాబ్‌లో ఎన్నేళ్ల అనుభవం కావాలి అన్నది రూల్స్‌లోనే ఉంది. మూడు నెలల సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే సరిపోదు.

రెండోది రీసెర్చ్, అంటే డెవలప్‌మెంటల్ బయాలజీ. ఒక్క కణం నుంచి గుండె, కన్ను, చెయ్యి ఎలా తయారవుతాయి? ఇదే ప్రశ్న. ఇక్కడ ఎక్కువగా చేపలు, ఈగల మీద పని చేస్తారు. జీబ్రాఫిష్ పిండం అద్దంలా ఉంటుంది. దాదాపు ఒక్క రోజుకే గుండె కొట్టుకోవడం మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది! 1995 మెడిసిన్ నోబెల్ కూడా పండు ఈగ పిండం ఎలా ఎదుగుతుందో కనిపెట్టినందుకే ఇచ్చారు.

అసలు విషయం ఇక్కడుంది. ఈ దారిలో ట్రైనింగ్‌కి మీరు లక్షలు కట్టక్కర్లేదు, మీకే డబ్బిస్తారు.

డిగ్రీ, పీజీలో ఉన్నవాళ్లకి సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది. రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో పని. అప్లికేషన్లు ముందు ఏడాది చివర్లోనే తీసుకుంటారు, డేట్ మిస్ అవ్వకండి.

తర్వాత సీఎస్ఐఆర్ నెట్, లైఫ్ సైన్సెస్. జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకి 37,000, రెండేళ్ల తర్వాత 42,000. దాంతో మన హైదరాబాద్ సీసీఎంబీ లాంటి చోట పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. బెంగళూరు ఎన్‌సీబీఎస్, ముంబై టీఐఎఫ్ఆర్‌కి జీబిల్స్ అనే వేరే ఎగ్జామ్ ఉంది. పీహెచ్‌డీలో చేరాక అమెరికాలోని వుడ్స్ హోల్‌లో 1893 నుంచి నడుస్తున్న ఎంబ్రియాలజీ సమ్మర్ కోర్సుకి కూడా ట్రై చేయొచ్చు.

కోడింగ్ వచ్చినవాళ్లకో మాట. పిండాల మైక్రోస్కోప్ వీడియోల్లో ఒక్కో కణం ఎటు కదిలిందో లెక్క తీయాలంటే పైథాన్ కావాలి. మనకీ చోటుంది.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. ఆ తర్వాత పోస్ట్‌డాక్. పర్మనెంట్ సైంటిస్ట్ పోస్టులు తక్కువ. ఇంట్లో వెంటనే జీతం అవసరమైతే ఇది కూడా ఆలోచించుకోండి.

మా చెల్లి ఫీజు కట్టలేదు. సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చేసింది. వస్తుందో రాదో తెలీదు గానీ, లక్షన్నర మాత్రం పిన్ని దగ్గరే ఉంది. మీరైనా సరే, ఎవరైనా కోర్సు అమ్మడానికి వస్తే ఒక్కటే అడగండి: "ఇది హాస్పిటల్ దారా, రీసెర్చ్ దారా?" ఆ జవాబు విన్నాకే ఫోన్‌పే ఓపెన్ చేయండి. బై!