ఒంటిపూట బడి వదిలే వేళ

ఎండాకాలం అనగానే మనకు ముందు వడదెబ్బ గుర్తొస్తుంది. నీళ్ల సీసా, మజ్జిగ సిద్ధం చేస్తాం. పిల్లల చర్మం సంగతి తలచుకునేవాళ్లు తక్కువ. తలచుకున్నా "పిల్ల నల్లబడుతుంది" అనే దిగులుతోనే. ఈ దిగులు ఒక్కోసారి ఎండకంటే ఎక్కువ చెరుపు చేస్తుంది.

ముందు ఎండ లెక్క చూద్దాం. చర్మాన్ని దెబ్బతీసేవి అతినీలలోహిత కిరణాలు. అవి కంటికి కనబడవు, వేడిగానూ తగలవు. వాటి తీవ్రతను థర్మామీటరు చెప్పదు, నీడ చెబుతుంది. మన నీడ మన ఎత్తుకంటే పొట్టిగా ఉంటే జాగ్రత్త పడాల్సిన వేళ అన్నమాట. నాందేడ్‌లో ఏప్రిల్ నెలలో ఉదయం సుమారు 9:20 నుంచి మధ్యాహ్నం 3:20 వరకు నీడ పొట్టిగానే ఉంటుంది. మే మధ్యలో ఒకరోజు 12:15 ప్రాంతంలో నిలువుగా పెట్టిన కర్రకు నీడే పడదు. మరాఠీలో దీన్ని 'శూన్య సావలీ' అంటారు. జూలై చివర్లో మళ్లీ వస్తుంది. అంటే జూన్‌లో బడులు తెరిచాక, వానలు పడి చల్లబడ్డాక కూడా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిమీదే ఉంటాడు. పలుచని మబ్బు ఈ కిరణాలను పెద్దగా ఆపదు.

ఒంటిపూట బడి పెట్టేది పిల్లలకు ఎండ తప్పించడానికే. కానీ వదిలేది పన్నెండు ప్రాంతంలో! ఉదయమంతా గదిలో కూర్చున్న పిల్లలు సరిగ్గా నీడ లేని వేళకు రోడ్డెక్కుతారు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు పల్లెల్లో కాలినడకన ఇల్లు చేరేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. బడి వేళలు మన చేతిలో లేకపోవచ్చు. పీటీ పీరియడును మొదటి గంటకు జరపడం, ప్రార్థనను వరండాలోకో చెట్టుకిందికో మార్చడం మాత్రం ఉపాధ్యాయులు చేయగలిగినవే.

తల్లిదండ్రులు ఒక గొడుగు, లేదంటే ఒక రుమాలు ఇచ్చి పంపండి. క్రికెట్ టోపీ నుదుటికి నీడనిస్తుంది కానీ చెవులను, మెడను వదిలేస్తుంది. పత్తి చేలో మన రైతులు తలకు చుట్టుకునే రుమాలు ఆ రెండింటినీ కప్పుతుంది. నేత దట్టంగా, రంగు ముదురుగా ఉన్న బట్ట మేలు. చెమటకు తడిసిన పలుచని తెల్ల చొక్కా కిరణాలను లోపలికి పోనిస్తుంది. సన్‌స్క్రీన్ కొనగలిగితే ఎస్‌పీఎఫ్ 30 చాలు. బయలుదేరే పావుగంట ముందు దట్టంగా రాయాలి, ఎండలోనే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. కొనలేకపోతే బాధపడక్కర్లేదు, నీడా బట్టా దానికంటే ముందువే.

ఇక ఆ రెండో దిగులు. ఆటలకు పిలిస్తే వెనక్కి తగ్గేది ఎక్కువగా ఆడపిల్లలే. "నల్లగైతనని మా అమ్మ ఒద్దన్నది టీచర్" అంటారు. నల్లబడటం అంటే చర్మం తనకు తాను పట్టుకునే గొడుగు. మెలనిన్ అనే రంగు పదార్థం కిరణాలను కొంతవరకు అడ్డుకుంటుంది. నల్లని చర్మం తొందరగా కమలదు. మంగు మచ్చలు మాత్రం దానికీ వస్తాయి కాబట్టి జాగ్రత్త అందరికీ అవసరమే. అందుకని ఆట మానిపించకండి, ఆడే వేళ మార్చండి.

భయపడాల్సింది తెల్లబరిచే క్రీములకు. స్టెరాయిడ్ కలిసినవి రాస్తే కొన్నాళ్లు ముఖం తేటపడినట్టే ఉంటుంది. తర్వాత చర్మం పలుచనై, ఎండ తగిలితే మండి ఎర్రబడుతుంది. మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు కూడా రావచ్చు. అందుకే 2018లో ప్రభుత్వం ఒంటికి రాసే స్టెరాయిడ్ మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. ఇంకో సంగతి మనకు దగ్గరలోనే, అకోలాలో జరిగింది. ఒక యువతికి, ఆమె తల్లికి, అక్కకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వాళ్లు వాడిన క్రీములో పాదరసం ఎక్కువగా ఉన్నట్టు ముంబయి కేఈఎం ఆసుపత్రి పరీక్షల్లో బయటపడిందని 2023లో పత్రికలు రాశాయి.

నిమ్మరసం ముఖానికి రుద్దుకుని ఎండలోకి వెళ్లడం కూడా మానిపించండి. ఆ రసం మీద ఎండ పడితే చర్మం కాలినట్టు బొబ్బలెక్కి, నల్ల మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. ఇంట్లో ఏ క్రీము ఉన్నా డబ్బా మీద తయారీదారు పేరు, అందులో కలిపిన పదార్థాలు రాసి ఉన్నాయో లేదో పిల్లలతోనే చదివించండి. చీటీ లేని డబ్బా అయితే పారేయండి.